రాహేలు నీళ్ళు తాగిన గోడ

ఆ రచయిత పేరు నేను రాయను. రాయకపోతే ఆయనకు వచ్చే లోటేమీ లేదు. ఒక వీధికి ఆయన పేరుంది, ఒక గ్రంథాలయానికి ఉంది, పుట్టిన రోజు నాడు దండలు వేసేవాళ్ళున్నారు. మా అమ్మ పేరు మాత్రం రాస్తాను. రాహేలు. ఆ పేరు ఆయన కూడా రాశాడు. తన బతుకు గురించి రాసుకున్న పుస్తకంలో, తన భార్య పేరు చెక్కించిన ఇత్తడి చెంబును పనిమనిషి రాహేలు ఎత్తుకుపోయిందనీ, అది బీదరికం చేయించిన పని కనుక తాను క్షమించాననీ రాశాడు. బాగా రాశాడని దాన్ని పిల్లల వాచకంలో పాఠంగా పెట్టారు. నా కొడుకు ఆ పాఠం చదివాడు, వాడి బిడ్డా చదివింది. పరీక్షలో ప్రశ్న వచ్చేది: రచయిత రాహేలును ఎందుకు క్షమించాడు? మా ఇంటి పిల్లలు దానికి జవాబు రాసి మార్కులు తెచ్చుకున్నారు.

మా అమ్మ చెంబు తీయలేదు. చనిపోయేదాకా ఆమె ఆ మాటే చెప్పింది. నేను నమ్మాను. ఇంకెవరూ అడగలేదు.

మొన్న మాఘంలో నేను ఆ ఇంటికి వెళ్ళి వచ్చాను. ఆ ఇల్లు చూడాలని అనుకునేవాళ్ళు ముందు ఇది చదవండి.

ఎనుమాముల

మాది వరంగల్ పక్కనున్న ఎనుమాముల. మార్కెట్ యార్డులో మిర్చి తొడిమలు తీసి ముగ్గురు పిల్లల్ని పెంచాను. మిర్చి దిగే కాలంలో మా వాడకు కొత్తగా వచ్చిన చుట్టాలు మొదటి పూటంతా తుమ్ముతూనే మాట్లాడతారు. మాకు ఆ ఘాటు తెలియదు.

మా వియ్యపురాలు సుగుణ ఒక పొద్దున పేపరు పట్టుకుని వచ్చింది. ఆమె అంగన్‌వాడీలో పనిచేసి దిగిపోయిన మనిషి. చదువు నాకన్నా ఎక్కువ, ఓపిక తక్కువ.

"వదినె, కండ్లద్దాలు పెట్టుకో. మీ అమ్మ పేపర్ల వడ్డది" అంది.

ఫోటోలో పచ్చగా చిలుము పట్టిన చెంబు ఉంది, పక్కన కొలత బద్ద. ఆ రచయిత ఇంటిని స్మారకంగా కడుతున్నారట. కట్టే ముందు, ఆయన ఇంట్లో ఎట్లా బతికాడో తెలుసుకోవడానికి హైదరాబాదు యూనివర్సిటీ వాళ్ళు పెరడు తవ్వుతున్నారట. బావిలో పూడిక తీస్తే పాఠంలోని చెంబు దొరికిందట. ఇంతవరకూ బాగానే ఉంది. కింద ఇంకో వాక్యం ఉంది: దొంగిలించిన పనిమనిషి భయపడి చెంబును బావిలో పడేసి ఉండవచ్చు. చివర, ఆ ఇంటిని ఎరిగిన పెద్దలు ఎవరైనా ఉంటే వచ్చి చెప్పవలసిందిగా కోరారు.

నేను మిషన్ బడిలో మూడో తరగతి దాకా చదివాను. మెల్లగా చదువుతాను. అందుకే కోపం కూడా మెల్లగానే వచ్చింది. వచ్చాక పోలేదు.

"బాయిల పడేసిందట" అన్నాను. "మా అమ్మ ఆ బాయి మొఖమే చూడలే."

"మరి పోయి చెప్పు."

"ఎవలింటరు?"

"ఇనకపోతే మర్లి వద్దాం. ఆడోళ్ళకు బస్సు ఫ్రీయే గదా."

ఫ్రీ బస్సు అనగానే లేచానని సుగుణ ఇప్పటికీ అందరికీ చెబుతుంది. అది సగం అబద్ధం.

మా వాడు మాత్రం గొణిగాడు. "ఎందుకమ్మా, గిప్పుడు ఎవలికి యాదున్నది?"

"నీ బిడ్డ పరీక్షల రాసింది. నీకు యాది లేదా?" అన్నాను. వాడు బండి తీసుకుని పనికి పోయాడు.

మర్నాడు తెల్లవారి బియ్యప్పిండితో నాలుగు సర్వపిండిలు కాల్చి స్టీలు డబ్బాలో పెట్టాను. హోటల్లో తిందామని సుగుణ అంది. హోటలువాడు మనకోసం నువ్వులు ఏరి పెట్టడు, వాడి నూనె ఎన్ని రోజులదో వాడికే తెలియదు. డబ్బా సంచిలో పెట్టాను.

వరంగల్ నుంచి తొర్రూరుకు

మేడారం జాతర అయి వారమే అయింది. అక్కడ అమ్మవార్లకు బెల్లాన్ని బంగారమని మొక్కుతారు. ఆ బంగారం మోసిన బస్సులు ఇంకా కడగలేదు. కాలు పెడితే చెప్పు అతుక్కుంది. మా సుగుణ చెప్పు అతుక్కుని వారు తెగింది. కుంటుకుంటూ ఎక్కి కూర్చుంది.

కండక్టరమ్మ ఆధార్ కార్డు అడిగింది. నేను చూపించి జీరో టికెట్ తీసుకున్నాను. సుగుణ పర్సంతా గుమ్మరించి వెతికితే దొరికింది ఆమె కార్డు కాదు, కోడలిది.

"ఈ ఫోటోల ఉన్నది నువ్వేనా అమ్మా?" అంది కండక్టరమ్మ.

"వయసుల ఉన్నప్పుడు దిగిన" అంది సుగుణ.

కండక్టరమ్మ నవ్వింది గానీ టికెట్ కొట్టింది. డెబ్బై చిల్లర. ఫ్రీ బస్సని నన్ను లేపుకొచ్చిన మనిషి డబ్బులిచ్చి కూర్చుంది. నేను ఏమీ అనలేదు. అనకపోవడమే ఆమెకు ఎక్కువ బాధ.

మామునూరు దాటాక నిలబడ్డ ఒకాయన, "పైసలిచ్చెటోళ్ళం నిలబడాలె, ఫ్రీ వాళ్ళు కూసోవాలె, ఏం రాజ్యమో" అని సణిగాడు. సుగుణ టికెట్ పైకెత్తి చూపించి, "నేను ఇచ్చిన తమ్మీ. నిమ్మలంగ నిలబడు" అంది. అప్పటికి ఆ డెబ్బై రూపాయల బాధ తీరినట్టుంది.

నా పక్కన వర్ధన్నపేటలో ఒకామె ఎక్కింది. వరంగల్ దవాఖానలో కూతురికి కాన్పయితే చూసి, దారిలో ఒక పూట చుట్టాలింట దిగి, ఇంటికి పోతోంది. ఎక్కడికి పోతున్నారంటే చెప్పాను.

"ఆ పాఠం మేమూ చదివినం. పాపం, ఆకలికి తీసింది" అంది.

"ఆమె మా అమ్మ. తియ్యలే."

ఆమెది రాయపర్తి. దిగేటప్పుడు కొంగు ముడి విప్పి దోసెడు రేగుపండ్లు నా ఒళ్ళో పోసి, "మాకు గట్ల చెప్పిన్లమ్మా" అంది. పుల్లటివి. అయినా అన్నీ తిన్నాం.

తొర్రూరులో టీ పదిహేను రూపాయలు, బొటనవేలంత కాగితం గ్లాసులో. మా యార్డు దగ్గర పది రూపాయలకు దీనికి రెండింతలు పోస్తారు. ఆ మాట నేను అంటే టీ పోసేవాడు, "అయితే మీ యార్డుకాడికే పోయి తాగుండ్రి అవ్వ" అన్నాడు. నిజమే అన్నాడు. ఖాళీ గ్లాసు వాడి డబ్బాలో వేసి వచ్చేశాం.

ఆ రాత్రి తొర్రూరులోనే సుగుణ చుట్టాలింట్లో ఉన్నాం. అక్కడ ఒక మంచి అలవాటు చూశాను. గుమ్మంలో కాలు పెట్టగానే, ఎవరు ఎందుకు వచ్చారని అడగక ముందే, చెంబుతో నీళ్ళిచ్చారు. మా వైపు ఇప్పుడు సీసా విసిరేస్తున్నారు. నీళ్ళు తాగాక వాళ్ళు అడిగారు, నేను చెప్పాను. అదే ఇక్కడా రాస్తాను.

మా అమ్మ ఆ ఇంట్లో బయటి పని చేసేది. కొట్టం ఊడ్చేది, వడ్లు దంచేది, మిరపకాయలు ఎండేసేది. నాకప్పుడు ఎనిమిదేళ్ళు. తమ్ముణ్ణి చంకనేసుకుని ఆమె వెంట తిరిగేదాన్ని. ఒక రోజు చెంబు కనబడలేదన్నారు. కొట్టం ముందు మా అమ్మను నిలబెట్టారు. ఆయన వచ్చాడు. కొట్టలేదు, తిట్టలేదు. "పోనీ రాహేలూ, తీసిందేదో తీశావు. నేను క్షమించాను, పో" అన్నాడు. కొట్టి ఉంటే ఊళ్ళో ఒక్కరైనా, నిజంగా తీసిందా అని అడిగేవారు. ఆయన క్షమించాడు కాబట్టి తీసినట్టే ఖాయమైంది. తెల్లారి నుంచి ఏ ఇంట్లోనూ పని దొరకలేదు. నా బడి ఆగిపోయింది. సామాను నెత్తిన పెట్టుకుని వరంగల్ వచ్చి మిర్చి పనిలో పడ్డాం. మార్కెట్టు ఎనుమాములకు వచ్చాక మేమూ వచ్చాం.

ఆ ఊరు, ఆ ఇల్లు

మర్నాడు తొర్రూరు నుంచి ఆటోవాడు మనిషికి నలభై అడిగాడు. ఇరవైకి ఒప్పించే సరికి ఎండెక్కింది. ఊరి పేరు రాస్తే ఆయన పేరు రాసినట్టే కాబట్టి అదీ రాయను. పెద్ద సిమెంటు కమాను వేశారు. వీధులన్నీ మట్టి పోసి ఎత్తు చేసి సీసీ రోడ్డు వేశారు. ఇండ్లన్నీ కిందికి దిగినట్టున్నాయి.

ఇంటికి కప్పు లేదు. గోడలున్నాయి. పెరడంతా దారాలు కట్టి చదరాలుగా విడదీశారు. ఒక్కో చదరంలో కూర్చుని చిన్న చిన్న బ్రష్షులతో మట్టి తుడుస్తున్నారు. అంత పొదుపుగా తవ్వేవాళ్ళను నేను చూడలేదు. ఒక్క పెంకు కూడా పారేయరు, అన్నీ సంచుల్లో కట్టి పేర్లు రాస్తారు. ఆ పని నాకు నచ్చింది.

తవ్వకం పెద్ద ఒక ఆడపిల్ల, శ్రావణి. టోపీ పెట్టుకుంది, మోకాళ్ళ నిండా దుమ్ము. "రండి అమ్మమ్మా, నీడకు రండి" అంది. ఆమె పక్కన తెల్ల చొక్కా ఆయన ఉన్నాడు, యాభై ఏళ్ళు పైబడినవాడు. రచయిత మనవడట. ఇల్లు స్మారకానికి ఇస్తున్నది ఆయనే. మర్యాదగానే మాట్లాడాడు.

"మా తాతగారిని చూశారా అమ్మా?"

"చూసిన సారూ. మొఖం కంటె కాళ్ళు ఎక్కువ చూసిన" అన్నాను. మా అమ్మ అయితే దొర అనేది. నేను సారు అన్నాను, అంతకన్నా ఎక్కువ నోట రాలేదు.

ఎవరి బిడ్డనో అప్పుడే చెప్పలేదు. ముందు వాళ్ళకు ఏం దొరికిందో చూడాలనుకున్నాను. శ్రావణి తట్టలు ఒక్కొక్కటే చూపించింది.

"ఇండ్లల్ల దాచుకున్నవి చుట్టాలకు చూపెట్టేవి అమ్మమ్మా. పారేసినవే నిజం చెప్తయి" అంది.

పెంటగుంటలో దొరికినవి ఇవి: సిరా సీసాలు, మందు సీసాలు, బిస్కెట్ల డబ్బా రేకు, మేక ఎముకలు. ఆయన పుస్తకంలో జొన్న గటక తాగి బతికానని రాశాడు. సుగుణ ఎముకల తట్ట కేసి చూసి, "గటకల బొక్కలు మంచిగనే ఉడికినయి" అంది. శ్రావణి మొహం తిప్పుకుని నవ్వింది. రెండు పింగాణీ కప్పులు ఒక్క పగులూ లేకుండా ఉన్నాయి. మంచి కప్పులు పారేశారంటే వాటిలో ఎవరు తాగారో అనుకున్నాను.

ఇంకో తట్టలో పొయ్యి బూడిదలో దొరికిన పలక ముక్కలు, బలపాలు ఉన్నాయి. తన భార్యకు అక్షరాలు రావని ఆయన రాశాడట. మరి పొయ్యి దగ్గర కూర్చుని ఎవరు దిద్దుకున్నారో. ఆ దొరసాని మొహం నాకు సరిగ్గా గుర్తు లేదు. చేతులు గుర్తున్నాయి, వేళ్ళ నిండా మసి. ఆ బలపాలు చూశాక ఆమె మీద నాకున్న కోపం కొంచెం తగ్గింది. కొంచెమే.

తర్వాత చెంబు. తెల్లటి బట్ట మీద పెట్టారు. మెడ కింద చుక్క చుక్కగా చెక్కించిన పేరు ఇంకా కనిపిస్తోంది. మెడ చుట్టూ నల్లగా, నాని గట్టిపడ్డ తాడు ముక్క.

"ఇదేంది బిడ్డా?" అన్నాను.

"తాడు అమ్మమ్మా. ఉరిముడి వేసుంది. బురదల ఉన్నది గనుక కుళ్ళిపోలే."

"దొంగిలించి బాయిల పడేసెటోళ్ళు, మెడకు తాడు కట్టి పడేస్తరా?"

శ్రావణి నా వైపు చూసింది. "అది నేను పేపరోళ్ళకు చెప్పిన. వాళ్ళు రాయలే" అంది.

"ఎవలో తోడుకున్నరు. ముడి మీద తాడు తెగి జారింది."

మనవడు గొంతు సవరించుకున్నాడు. "అయితే ఆ పనిమనిషే నీళ్ళు తోడుతుంటే జారిపోయి ఉంటుంది. భయపడి చెప్పలేదేమో పాపం. అలా రాసినా బాగానే ఉంటుంది" అన్నాడు.

అప్పుడు చెప్పాను. "ఆ పనిమనిషి మా అమ్మ. ఆమె ఈ బాయిల ఒక్కనాడు నీళ్ళు తోడలే. ఆమెను ఈ గట్టు తొక్కనియ్యలే."

ఆయన మొహం ఎర్రబడింది. "అమ్మా, మా ఇంట్లో ఆ పట్టింపులు లేవు. అందరూ ఒకే బావి నీళ్ళు తాగారని తాతగారు రాశారు."

"అబద్ధం కాదు సారూ. బాయి ఒక్కటే. మీ వాళ్ళు గట్టు మీద తాగిన్లు. మేము గోడ బయట తాగినం."

గోడ అవతల

బావి గట్టు పక్కన గోడలో ఒక రాతి తూము ఉంది. లోపలి నుంచి బయటికి వాలుగా పోతుంది. దానికి వాళ్ళు చీటీ అంటించారు: మురికినీళ్ళ తూము. ఆ చీటీ నేను రెండుసార్లు చదివాను.

"బిడ్డా, మురికినీళ్ళ తూము నోరు నేల మీద ఉంటది గదా. ఇది మోకాలెత్తుల ఉన్నది. కింద పారే నీళ్ళు ఎగిరి దీంట్ల పడతయా?"

"అదే నాకూ తెలుస్తలేదు అమ్మమ్మా" అంది శ్రావణి. "కానీ బయట చూస్తే నేలకు జానెడు ఎత్తులనే ఉన్నది. అందుకే తూమనుకున్నం."

బయటికి వెళ్ళి చూశాం. నిజమే, జానెడే ఉంది. ఒక్క నిమిషం నాకే అనుమానం వచ్చింది. నా చిన్నప్పుడు అది నాకు అందేది కాదు. తర్వాత కాళ్ళ కింద చూశాను. సీసీ రోడ్డు కోసం పోసిన మట్టి.

"ఈ మట్టి మొన్నటిది. అప్పుడు వాడ గింత ఎత్తు లేకుండె. ఈ తూము కింద మా అమ్మ వంగి దోసిలి పట్టేది, లోపటి నుంచి ఇంటోళ్ళు పోసెటోళ్ళు. నేను పొట్టిదాన్ని, పిల్లల కోసం ఒక రాయి వేసిన్లు. సగం ఇసుర్రాయి. పగిలిన దిక్కు గోడకు, నడిమిట్ల సగం బొక్క. గిక్కడ, తూము కిందనే. తవ్వితే దొరకాలె."

"ఇన్నేళ్ళకు ఎవరైనా తీసేసి ఉంటారమ్మా" అన్నాడు మనవడు.

"తీస్తే తీసిన్లు. రాయి లేకపోతే నేను అబద్ధం, మీ తాత నిజం. మా అమ్మ దొంగ అనే రాసుకోండ్రి. తవ్విపియ్యుండ్రి."

అనేసిన తర్వాత సుగుణ నా మోచెయ్యి గిచ్చి, చెవిలో, "లేకపోతే?" అంది. నేను తూము కింద చోటును కాలితో గీసి చూపించాను.

శ్రావణి దారం కట్టి చదరం గీసింది. కొమురయ్య అని ఆ ఊరి కూలి మనిషి పారతో మొదలుపెట్టాడు. మొదట మొరం. తర్వాత ప్లాస్టిక్ కవర్లు, గుట్కా పొట్లాలు. మోకాలి లోతు దిగాక పార పక్కన పెట్టి తాపీతో గీకడం మొదలుపెట్టారు. ఆ తాపీ పని చూస్తూ కూర్చోవడం కన్నా రెండు క్వింటాళ్ళ మిర్చి తొడిమలు తీయడం తేలిక. డబ్బా తెరిచి అందరికీ సర్వపిండి పెట్టాను. మనవడు ముందు వద్దన్నాడు. సుగుణ, "తినుండ్రి సారూ, మేము చేసినదే" అని చేతిలో పెట్టింది. ఆయన ఆ మాటలో ఏదో విన్నట్టున్నాడు. తిన్నాడు.

టక్కున చప్పుడైంది. నేను లేచి నిలబడ్డాను. కొమురయ్య మట్టి తుడిచాడు. పిడికెడంత గుండ్రాయి. పక్కన పెట్టాడు. నేను మళ్ళీ కూర్చోలేదు.

ఇంకో జానెడు పోయాక మట్టి రంగు మారింది. నల్లగా, మెత్తగా, పొరలు పొరలుగా. శ్రావణి గుంటలోకి దిగి వేళ్ళతో నలిపి చూసింది. "ఇది రోడ్డు మట్టి కాదు. ఒక్క దగ్గరనే ఏండ్లకేండ్లు నీళ్ళు పడ్డ నేల" అంది. తర్వాత తాపీ రాయికి తగిలింది. బ్రష్షుతో తుడుస్తుంటే ముందు గుండ్రటి అంచు వచ్చింది. తర్వాత పగిలిన వైపు, గోడకు ఆనుకుని. ఆఖరున మధ్యలో సగం బొక్క.

కొమురయ్య తలగుడ్డ తీసి చెమట తుడుచుకున్నాడు. "అవ్వ, ఇది పెట్టినోళ్ళకంటె నీకే బాగ యాదున్నది" అన్నాడు.

"ఎక్కినోళ్ళకు యాదుంటది" అన్నాను.

రాయి పై భాగం ఒకచోట నున్నగా అరిగి ఉంది. నాలాంటి పిల్లలు నాకు ముందూ వెనకా ఎందరు ఎక్కారో. నేను ముట్టుకోలేదు. శ్రావణి లోపలికి వెళ్ళి తూము మీది చీటీ పీకేసింది.

మనవడు గుంట అంచుకు వచ్చాడు. "అయినా అమ్మా, తాతగారు మీ అమ్మగారిని ఒక్క మాట అనలేదు కదా. క్షమించాననే రాశారు" అన్నాడు.

"తియ్యని దానికి క్షమించుడేంది సారూ? మీరు నా సంచి ఎత్తుకపోయిండ్రు, కానీ నేను మిమ్ముల క్షమించిన. గీ మాట నేను ఊరంత చెప్తే మీకు మంచిగుంటదా?"

ఆయన సంచి వైపు చూశాడు. "మరి చెంబు జారవిడిచింది ఎవరు?"

"నేను చూడలే. చూడనిది రాసుడు నాకు రాదు."

గోడ లోపల

శ్రావణి ఒక కాగితం మీద నేను చెప్పినదంతా రాసింది. మొదట "ఒక పనిమనిషి" అని రాసింది. పుస్తకంలో పేరుంటే ఇక్కడా పేరుండాలని చెప్పాను. కొట్టేసి రాహేలు అని రాసింది. రాయి దొరికిన లోతు, తూము ఎత్తు, తాడు ముడి రాసింది. రాహేలుకు బావి గట్టు ఎక్కే వీలు లేదు, చెంబు ఇంటివాళ్ళ చేతిలోంచే బావిలో జారింది, ఆమె దొంగిలించలేదు అని రాసింది. నేను మెల్లగా మొత్తం చదివి సంతకం చేశాను. ఇంటి హక్కుదారు సంతకం కూడా ఉంటే ఈ కాగితం స్మారకంలో చెంబు పక్కన ఉంటుందట. లేకపోతే యూనివర్సిటీ బీరువాలో ఉంటుందట.

మనవడు కలం తీసుకున్నాడు గానీ పెట్టలేదు. ఇంట్లోవాళ్ళను అడగాలన్నాడు. స్మారకం కమిటీని అడగాలన్నాడు.

ఇంతలో శ్రావణికి ఫోటో కావలసి వచ్చింది. "అమ్మమ్మా, జర గుంటల దిగి తూము కింద చేతులు పట్టరా? ఎత్తు తెలుస్తది" అంది.

"పట్ట. అప్పుడు పట్టిన చేతులే చాలు. కొలతకు కట్టె పెట్టుకో" అన్నాను. ఆ పిల్ల సిగ్గుపడింది, చెడ్డ మనసుతో అడగలేదని తెలుసు. అయినా పట్టను.

సారు వైపు తిరిగాను. "మీరు దిగుండ్రి. నేను లోపట నుంచి పోస్త."

ఆయన నవ్వబోయి ఆగిపోయాడు. తర్వాత బూట్లు విప్పాడు, ప్యాంటు మడిచాడు. గుంటలోకి దిగి, రాయి తొక్కకుండా పక్కన నిలబడి, గోడ దగ్గర వంగాడు.

నేను ముందు వాకిలి నుంచి లోపలికి వెళ్ళి బావి గట్టు ఎక్కాను. ఈ వయసులో మొదటిసారి ఎక్కాను. పూడిక తీశాక ఊట వచ్చింది, బకెట్టు అక్కడే ఉంది. తోడాను. బరువుగా ఉంది, సాయం చేస్తానని కొమురయ్య వస్తే వద్దన్నాను. తూము నోట్లో పోయడం మొదలుపెట్టాను.

అప్పుడు తెలిసింది. లోపల నిలబడ్డ మనిషికి అవతల ఏమీ కనబడదు. ఎవరి చేతులో, ఎన్ని చేతులో, నీళ్ళు చేతుల్లో పడుతున్నాయో నేల మీద పడుతున్నాయో తెలియదు. అందుకే బయటివాళ్ళు చాలు అని అరవాలి. మేము అరిచేవాళ్ళం. ఈయనకు ఎవరూ నేర్పలేదు కాబట్టి అరవలేదు. నేను ఆపలేదు. బకెట్టు సగమైంది, ముప్పాతిక అయింది. నీళ్ళు వృథా చేయడం నాకు ఇష్టం ఉండదు, అయినా ఆపలేదు.

"చాలు" అని వినిపించింది. తర్వాత కొంచెం గట్టిగా, "చాలమ్మా."

బకెట్టు దించాను.

ఆయన మోచేతుల దాకా తడిసి, చొక్కా ముందు భాగం ఒంటికి అంటుకుని లోపలికి వచ్చాడు. తుడుచుకోకుండానే కాగితం అడిగి సంతకం పెట్టాడు. చేతి తడికి సిరా పాకి, చివరి అక్షరం ఉబ్బిపోయింది. ఇంకో కాగితం మీద శుభ్రంగా రాద్దామని శ్రావణి అంది. వద్దన్నాను. ఇది చాలు, ఆరితే సరిపోతుంది.

ఆ కాగితం ఒళ్ళో పరుచుకుని బావి గట్టు మీదే కూర్చున్నాను. సుగుణ తెగిన చెప్పు చేత్తో పట్టుకుని వాకిట్లోంచి పిలిచింది.

"వదినె, ఆటో పోతాంది. మల్లా సాయంత్రం దాక ఇంకోటి లేదట."

"పోనీ" అన్నాను. "ఇది ఆరనీ."